వాన రాకడ, ప్రాణము పోకడ
(కరువుసీమ చరిత్ర నుండి నర్సులకొక పాఠము)

వాన రాకడయు ప్రాణము పోకడయు ఎవరికిని తెలియవని మన పెద్దల సామెత. ఆ రెండింటిని ఒక్క వాక్యమున వారెందులకు కూర్చిరో గాని, రాయలసీమ చరిత్ర చదివిన వారికి ఆ కూర్పు ఎంతయు అర్థవంతముగా తోచును. ఈ సీమలో వాన రాకపోవుటకును ప్రాణము పోవుటకును నడుమ ఒక బాట కలదు. ఎండిన బావి, ఖాళీయైన గాదె, ఊరు విడిచిన కుటుంబము, చెడిన నీరు, చిక్కిన దేహము ఆ బాట వెంట ఒకదాని తరువాత నొకటి కనబడును. ఆ బాటను గుర్తుపట్టి, దానిమీద ఎచ్చటనో ఒకచోట అడ్డముగా నిలువగలుగుటయే వైద్యసేవ.

నేడు నర్సింగు విద్యార్థులకు వాతావరణ మార్పును గూర్చి బోధింపవలెనను మాట దేశదేశముల వినబడుచున్నది. అంతర్జాతీయ నర్సుల మండలి 2018లో ఈ విషయమై తన అభిప్రాయమును ప్రకటించినది. మన దేశమున 2019లో వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యము అను పేర ఒక జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. భారత నర్సింగు మండలి 2021లో గెజెట్టున ప్రకటించిన బి.ఎస్‌సి. నర్సింగు నూతన పాఠ్యప్రణాళికలో, సామూహిక ఆరోగ్య నర్సింగు అను భాగమున, వాతావరణ మార్పు, భూతాపము, వడగాడ్పు, ఆరోగ్యముపై వాని ప్రభావము అను అంశములు చేరినవి. ఇది మేలైన పనియే. కాని వాతావరణ మార్పు అనగానే విద్యార్థినికి సాధారణముగా చూపబడునవి ధ్రువప్రాంతపు మంచు, సముద్రమట్టము, కర్మాగారముల పొగ. ఆదోని చుట్టుపట్ల పల్లె నుండి వచ్చిన పిల్లకు ఆ మంచుతో ఏమి పని? పరీక్షకై వల్లించి, పరీక్ష ముగియగానే మరచు పాఠముగా అది మిగులును. అట్లు కాకుండ, ఆమె పుట్టిన సీమ చరిత్రయే ఆమెకు తొలి పాఠము కాగలదని చూపుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

కోసిగి కర్నూలు జిల్లా పడమటి భాగమున ఉన్న ఊరు. చుట్టును రాతిగుండ్ల కొండలు. నడుమ జొన్న, కొర్ర, ప్రత్తి, వేరుసెనగ పండు మెట్టచేలు. తుంగభద్ర అనతిదూరముననే పారుచున్నను, పొలములలో అధికభాగమునకు ఆకాశమే దిక్కు. ఏడాదికి కురియు వాన సాధారణముగా ఆరేడు వందల మిల్లీమీటర్లకు మించదు. అదియు అదనుకు పడునను నమ్మకము లేదు. 1800లో నైజాము కుంపిణీ వారికి వదలుకొన్న దత్తమండలములలో ఆదోని సీమ చేరెను. ఆ సీమలోని కోసిగి తరువాత బళ్లారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని తాలూకాతోపాటు కర్నూలు జిల్లాలోనికి వచ్చెను. మద్రాసు నుండి వచ్చిన రైలుదారియు బొంబాయి నుండి వచ్చిన రైలుదారియు 1871లో రాయచూరు వద్ద కలిసినవి. ఆ దారిమీదనే కోసిగి స్టేషను కలదు. ఈ రైలుదారిని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. ముందు దానితో పని కలదు.

మొదట ఒక మరణమును గూర్చి చెప్పెదను. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రిన్సిపల్ కలెక్టరుగా నుండి, 1820లో మద్రాసు గవర్నరయ్యెను. పదవి విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు, తా నెరిగిన సీమను కడసారి చూచిపోవలెనని 1827లో ఇటు వచ్చెను. అంతకు పదేండ్ల క్రితము, 1817లో, వంగదేశమున చెలరేగిన కలరా అప్పటికి దక్షిణాపథమంతట పాకియుండెను. జూలై 6న కోసిగికి దక్షిణముగా ఉన్న పత్తికొండలో మన్రోకు ఆ వ్యాధి సోకెను. ఉదయము జబ్బుపడిన మనుష్యుడు రాత్రికి లేడు. గవర్నరు పదవియు పరివారమును ఆయనను కాపాడజాలకపోయినవి. ఆయన స్మారకముగా ప్రభుత్వము పత్తికొండలో మెట్లబావి కట్టించి, చెట్లతోపు నాటించినది. నీటిచేత వ్యాపించు వ్యాధితో మరణించిన వానికి స్మారకము బావి యగుట నేటివారికి వింతగా తోచవచ్చును. అప్పటికి ఆ సంబంధము ఎవరికిని తెలియదు. లండను నగరమున జాన్ స్నో దానిని ఎత్తిచూపుటకు ఇంకను 27 ఏండ్లు పట్టినది.

కలరాలో మనిషిని చంపునది దేహములోని నీరును లవణములును హరించిపోవుట. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు లక్షల సంఖ్యలో సరిహద్దు దాటి వచ్చినప్పుడు, బన్‌గావ్ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ సెలైను సీసాలు చాలక, గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీటిని రోగులకు త్రాగించెను. పలుచోట్ల రోగుల బంధువులే గ్లాసులతో త్రాగించిరి. నూటికి ముప్పదివరకు నున్న మరణములు నాలుగింటికి లోబడినవి. గవర్నరుకు దక్కని ప్రాణము ఒక శరణార్థి బిడ్డకు దక్కినది. నేడు ఆశా కార్యకర్త సంచిలో నుండు ఓ.ఆర్.ఎస్. పొట్లము వెనుక ఇంత కథ కలదు. నర్సింగు విద్యార్థిని పత్తికొండ బావిగట్టున కూర్చుండి ఈ కథను వినినచో, నీరు ఎట్లు చంపునో, ఎట్లు బ్రతికించునో ఆమెకు మరల చెప్పనక్కరలేదు.

ఇక ధాత కరువు. 1876వ సంవత్సరము మనకు ధాత నామ సంవత్సరము. ఆ యేట నైరుతి ఋతుపవనము తప్పినది. దాని వెనుక ఈశాన్యమును తప్పినది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మొట్టమొదట దెబ్బతిన్నవి. మరుసటి యేడు కూడ వాన ఆలస్యమై, కరువు 1878 వరకు సాగినది. కరువులో అధికమాసమను మన సామెతకు అంతకంటె పెద్ద దృష్టాంతము లేదు. దక్షిణ, పశ్చిమ భారతములలో ఆ కరువువలన 50 లక్షలకు పైగా మరణించిరని చరిత్రకారుల అంచనా. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871లో 9,14,432. పదేండ్ల పిమ్మట 1881లో 6,78,551. జనము సహజముగా పెరుగవలసిన పదేండ్లలో నాలుగవ వంతుకు పైగా తరిగిపోయిరి. వలసపోయి తిరిగిరాని వారిని మినహాయించినను, ఈ లెక్క వెనుక ఎన్ని ఇండ్ల దీపములు ఆరినవో ఊహింపవచ్చును. నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారు 1886లో వెలువరించిన కర్నూలు జిల్లా చరిత్రను తెరచువారు, ఈ ఖాళీని మనసులో నుంచుకొని చదువవలెను.

వీరందరు ఎట్లు మరణించిరి? వైద్యసేవ నేర్చువారు అడుగవలసిన ప్రశ్న ఇది. రైలుదారి అయిదేండ్ల క్రితమే వచ్చియుండెను. మద్రాసు రేవున దిగిన ధాన్యము రైలులో ఈ సీమకు వచ్చినది కూడ. కాని పంట లేనిచోట కూలి లేదు. కూలి లేనివానికి స్టేషనులో నున్న బస్తా చుక్కలంత దూరము. అదే కాలమున ఈ దేశపు ధాన్యము ఇంగ్లండునకు ఎగుమతి యగుచునే యుండెను. పశువులు చచ్చెను. జనము ఊళ్లు విడిచి, పనులు జరుగు శిబిరములకును పట్టణములకును నడిచిరి. మిగిలిన కొద్ది గుంటల నీటిని అందరును త్రాగిరి, కలరా చెలరేగెను. చిక్కిన దేహములను అతిసారమును మశూచియు పట్టుకొనెను. తుదకు 1877 చివర వానలు కురిసి దేశము పచ్చబడినప్పుడు దోమలు పెరిగి చలిజ్వరము వచ్చెను. బలములేని దేహములు ఆ జ్వరమునకు నిలువజాలక కూలిపోయినవి. వాన లేమితో మొదలైన చావు వాన వచ్చిన పిమ్మట కూడ ఆగలేదు. కరువును మబ్బులతో మాత్రమే కొలుచువారు ఈ విషయమును మరతురు.

ఈ దుఃఖకథలో ఒక వైద్యుని పాత్ర మనకు ముఖ్యము. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరు విలియం రాబర్ట్ కార్నిష్. ఆయన 1871 మద్రాసు జనాభా లెక్కల నివేదిక వ్రాసినవాడు. జనుల ఆహారమును గూర్చి విచారించినవాడు. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ కరువు ఖర్చును అదుపుచేయుటకై మద్రాసు రాజధానికి వచ్చెను. అప్పటివరకు కరువు పనులలో కూలీకి దినమునకు పౌనున్నర ధాన్యము, అనగా సుమారు 680 గ్రాములు, కొనుటకు చాలినంత కూలి దొరకుచుండెను. టెంపుల్ దానిని ఒక్క పౌనుకు, అనగా 450 గ్రాములకు, దించి, పైన కొద్దిపాటి చిల్లర మాత్రము అనుమతించెను. రాళ్లు కొట్టి మట్టి మోయు దేహమునకు ఆ తిండి చాలదని కార్నిష్ ఎదురు వ్రాసెను. చెరసాలలో ఖైదీకి దొరకు తిండితో దీనిని పోల్చిచూపెను. ఈ వాదము పత్రికల కెక్కినది. తుదకు మద్రాసు ప్రభుత్వము ఆ యేడే కూలిని పెంచక తప్పలేదు.

కార్నిష్ చేసినదేమి? ఆయన వానను కురిపింపలేదు, కరువును ఆపలేదు. దేహమును చూచెను, తిండిని తూచెను, చావులను లెక్కించెను. ఆ లెక్కను అధికారము ముందు పెట్టెను. తాను 1871లో ఎంచిన జనములో ఎందరు మిగిలిరో చూడవలసిన దుర్దినము కూడ ఆయనకే వచ్చినది. చూచుట, తూచుట, వ్రాయుట, చెప్పుట: ఈ నాలుగు పనులును నర్సు దినదినము రోగి మంచము వద్ద చేయునవే. నాడి చూచి, బరువు తూచి, పట్టికలో వ్రాసి, వైద్యునికి చెప్పును. ఒక సీమ అంతయు రోగి యైనప్పుడును చేయవలసిన పనులు అవియే.

ఆ కరువు మరియొక శాస్త్రమునకును ప్రేరణ యైనది. భారత వాతావరణ శాఖ 1875లో, అనగా కరువునకు ఒక యేడు ముందు, స్థాపితమైనది. కరువు పిమ్మట దాని తొలి అధిపతి హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్, హిమాలయములపై కురిసిన మంచునకును ఋతుపవనమునకును గల సంబంధమును వెదకెను. 1886 నుండి ఋతుపవన సూచనలు క్రమముగా వెలువడినవి. 1904లో ఆ శాఖకు అధిపతియైన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్ మహాసముద్రము మీది వాయుపీడనపు ఊగిసలాటకును మన వానలకును గల బంధుత్వమును కనుగొనెను. పసిఫిక్ జలములు అసాధారణముగా వేడెక్కు ఎల్ నినో అను స్థితియే 1877 నాటి అనావృష్టికి ప్రధాన కారణమని నేడు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పెరూ తీరమున నీరు వేడెక్కినచో కోసిగి చేను ఎండవచ్చునన్న మాట. ఈ విధముగా వాన రాకడ కొంతవరకు తెలియవచ్చినది. ఇక ప్రాణము పోకడను తెలిసికొనుట ఎవరి పని?

ఆ ప్రశ్నకు తొలి సమాధానము నర్సు వృత్తికి మూలపురుషురాలైన ఫ్లోరెన్సు నైటింగేలు జీవితమున దొరకును. ఆమె అనగానే క్రిమియా యుద్ధము, చేతిదీపము మనకు గుర్తువచ్చును. ఆమె నర్సింగును గూర్చి 1859లో ప్రచురించిన గ్రంథము గాలితోను ఉష్ణముతోను మొదలగునన్న సంగతి అంతగా ప్రచారములో లేదు. స్వచ్ఛమైన గాలి, స్వచ్ఛమైన నీరు, మురుగు పారుదల, శుభ్రత, వెలుగు: ఇంటి ఆరోగ్యమునకు ఈ అయిదింటిని ఆమె ఆధారములుగా నిలిపెను. ఆమె ఎన్నడును ఈ దేశమునకు రాలేదు. అయినను భారత సైన్యపు ఆరోగ్యమును విచారించి 1863లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషను వెనుక ఆమె కృషి కలదు. ధాత కరువు ఆమె మనస్సును కలచివేసినది. 1878లో ఒక ఇంగ్లీషు మాసపత్రికలో భారత ప్రజలను గూర్చి వ్యాసము వ్రాసి, తన దేశపు జనుల ఉదాసీనతను నిష్ఠురముగా నిందించెను. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరములు నడపి, కాలువ నీరును రైతు ఋణమును ఆరోగ్య విషయములే యని వాదించెను. కట్టు కట్టుటతో మొదలైన ఆమె వృత్తి కాలువలవరకు పోయినదన్న మాట.

ఆమె తలంపులు ఈ సీమకు చేరుటకు చాలకాలము పట్టినది. లండనులోని సెయింటు థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల పాఠశాల 1860లో వెలసెను. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో కొద్దిమంది విద్యార్థినులతో శిక్షణ ఆరంభమైనది. ధాత కరువునాటికి శిక్షణ పొందిన నర్సు నగరపు ఆసుపత్రిలో కానవచ్చు వ్యక్తియే గాని, కరువు శిబిరమున కనబడు వ్యక్తి కాదు. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టము వచ్చినది. 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. నేడు జిల్లా కేంద్రములలోను పట్టణములలోను నర్సింగు కళాశాలలు కలవు. పల్లె ఉపకేంద్రములలో నర్సింగు పట్టభద్రులు సామూహిక ఆరోగ్యాధికారులుగా పనిచేయుచున్నారు. 1877లో లేని మనిషి ఇప్పుడు ఊరిలో నున్నది. ఆమెకు మనమేమి నేర్పుచున్నామన్నదే ప్రశ్న.

కరువువలన ఆకలిచావులు తగ్గుట తనంతట జరిగినది కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు తమ ధాన్యపు కొట్లు తెరచి వేలమందికి అన్నము పెట్టిన కథ ఈ సీమలో ఇంకను చెప్పుకొందురు. ఒక్కని దాతృత్వము ఎంత గొప్పదైనను సీమ అంతటికి చాలదు. 1880 నాటి కరువు కమిషను నివేదిక పిమ్మట, 1883లో కరువు నిబంధనావళి ఏర్పడినది. కరువు చిహ్నములు కనబడగానే పనులు తెరువవలెనని, పని చేయలేనివారికి ఉచితముగా తిండి పెట్టవలెనని అది విధించినది. 1952 కరువున రాయలసీమలో గంజికేంద్రములు తెరచిరి. సైనికులు బావులు త్రవ్విరి. చౌకడిపో బియ్యము, బడి భోజనము, ఉపాధిహామీ పనులు ఆ పరంపరలోనివే. వాన తప్పుట నేటికిని మానలేదు. వాన తప్పుటకును ఆకలితో చచ్చుటకును నడుమ నున్న బాటకు మనుష్యులు అడ్డుగోడ కట్టిరి. వాతావరణ విద్యలో నిరాశ పనికిరాదనుటకు ఇదియే ప్రమాణము.

అయితే బాట ఒకటి మూసినచో మరియొకటి తెరచుకొనుచున్నది. 1901 నుండి 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన గ్రంథము తెలుపుచున్నది. సగటున ముప్పాతిక డిగ్రీ యనగా స్వల్పముగా తోచును. కాని మే నెలలో రాళ్లు పగులు ఎండమీద అది చేరినప్పుడు స్వల్పము కాదు. 2015 వేసవి వడగాడ్పులలో ఆంధ్రప్రదేశమున 1,369 మంది మరణించిరని ప్రభుత్వ లెక్క. అది పైకి తేలిన లెక్క. ఎండలో పనిచేసి ఇల్లు చేరి, రాత్రి పడకలోనే ప్రాణము విడిచిన ముసలివానికి గుండె ఆగినదని వ్రాయుదురు గాని, గుండె ఎందులకు ఆగినదని అడుగుట అరుదు. మూత్రపిండముల వ్యాధితో ఆసుపత్రి చేరిన కూలీని ఎన్ని వేసవులు నీరు చాలక పనిచేసితివని అడుగుటయు అరుదే.

వేడిమి ఎట్లు చంపునో కొంచెము చెప్పవలెను. దేహపు వేడి 37 డిగ్రీల దగ్గర నిలుచుటకు చెమటయే మనకు ఆధారము. నీరు చాలనప్పుడు చెమట తగ్గును, నెత్తురు చిక్కబడును, గుండెకు శ్రమ హెచ్చును. దేహపు వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. అప్పుడు ప్రతి నిమిషమును విలువైనదే. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండ నీరు చల్లి విసరవలెను. స్పృహ లేనివాని నోటిలో నీరు పోయరాదు. 108కు కబురు పంపి ఆసుపత్రికి తరలింపవలెను. ఇంతవరకు ఏ పుస్తకమైనను చెప్పును. రేకుల కప్పు క్రింది ఇల్లు రాత్రికిని చల్లారదని, అట్టి ఇంట దేహమునకు తేరుకొను వ్యవధి దొరకదని విద్యార్థిని పల్లెలో ఒక రాత్రి గడపి తెలిసికొనవలెను. చేనిలో మరుగు లేనందున స్త్రీలు పగలెల్ల నీరు త్రాగుట మానుకొందురను సంగతి, అడుగనేర్చిన నర్సుకే వారు చెప్పుదురు. మజ్జిగ త్రాగుడని బోధించుటకు ముందు ఆ ఇంట పాడి కలదో లేదో చూడవలెను.

కోసిగి ప్రాంతమున వలసకు ఒక పేరు కలదు: సుగ్గి. పంటకాలము ముగిసినంతనే, లేదా పంట చేతికి రానినాడు అంతకు ముందే, కుటుంబములకు కుటుంబములు మిరపకోతలకు, ప్రత్తితీతలకు గుంటూరు వైపునకును, కట్టడపు పనులకు బెంగుళూరు, హైదరాబాదు నగరములకును పోవుచుందురు. ఇంట ముసలివారును తాళమును మిగులుదురు. తల్లితండ్రుల వెంట బిడ్డలును పోదురు; బడి ఆగును. గర్భిణి పోవును, ఆమె పరీక్షల చీటీ ఇంటి దూలమునకే వ్రేలాడును. క్షయరోగి పోవును, మందు నడుమ తెగును. బిడ్డకు వేయవలసిన టీకా తేదీ గడచిపోవును. ధాత కరువున జనము నడచి పోయిరి, నేడు బస్సులోను లారీలోను పోవుచున్నారు. పోవుటకు కారణము మాత్రము పాతదే. వాతావరణ మార్పు అను పాఠమును ఈ ఊరి నర్సు టీకాల పట్టికలోని ఖాళీగడులలో చదువవచ్చును. ఏ కుటుంబము ఏ నెలలో పోవునో ముందే ఎరిగి, పోవుటకు ముందే గర్భిణిని చూచి, చేరు ఊరిలోని ఆరోగ్యకేంద్రమునకు కబురు చేసి, మందు చేతికిచ్చి పంపినచో, ఆమె ఆ బాటకు అడ్డు నిలిచినట్లే.

ఎండసీమకు నీటి గండము లేదనుకొనుట కూడ పొరపాటు. 2009లో దేశమున నైరుతి ఋతుపవనము నూటికి 22 వంతులు లోటుపడినది. ఆ అనావృష్టి సంవత్సరముననే, అక్టోబరు మొదటివారమున, తుంగభద్ర, హంద్రి నదులు పొంగి కర్నూలు నగరమును ముంచివేసినవి. కోసిగి పొరుగుననున్న మంత్రాలయమును నీట మునిగినది. నాలుగు నెలల వ్యవధిలో ఒకే జిల్లా ఎండను, వరదను రెండింటిని చూచెను. వరద తీసిన పిదప త్రాగునీరు, అతిసారము, దోమలు, పాముకాటు, నిత్యము వేసికొనవలసిన మందులు కొట్టుకొనిపోయిన మధుమేహ రోగులు: వీని నన్నింటిని మొదట ఎదుర్కొనునది నర్సే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ సీమలో ప్రతి కరువును వాతావరణ మార్పే తెచ్చినదని బోధించుట సత్యము కాదు. ధాత కరువు నాటికి మానవుడు భూమిని చెప్పదగినంత వేడెక్కింపలేదు. సముద్రపు వేడిమియు పాలకుల లోభమును కలిసి ఆ చావులను తెచ్చినవి. వాన తప్పుట ఇచ్చట తరతరముల నుండి ఉన్నదే. నేడు దానిపైన హెచ్చుచున్న వేడిమియు కుంభవృష్టులును అదనముగా చేరుచున్నవి. విద్యార్థికి ఈ భేదము తెలియవలెను. లేనిచో చెరువు పూడిక తీయని వారును, బావికి గట్టు కట్టని వారును తమ తప్పునెల్ల ఆకాశముపై త్రోసివేయుదురు. నర్సును వారి మాటనే వల్లించును.

కనుక ఈ సీమలో నర్సింగు బోధించువారికి నా మనవి యొక్కటే. వాతావరణ పాఠమును ధ్రువపు మంచుతో గాక ఊరి జ్ఞాపకముతో మొదలిడుడు. విద్యార్థినుల చేత తమ తమ ఇండ్ల అవ్వలను అడిగింపుడు: ఏ యేడు బావి ఎండినది? ఏ యేడు ఊరు ఖాళీయైనది? ఆ యేడు ఇంట ఎవరు జబ్బుపడిరి? ఆ జవాబుల ప్రక్కన ఆ యేటి వానలెక్కను వ్రాయింపుడు. ఉపకేంద్రపు పుస్తకములలోని జ్వరములు, విరేచనములు, మరణములు నెలవారీగా ఎత్తి వ్రాయించి, ఎండలెక్కతో పోల్చి చూపింపుడు. కార్నిష్ రాజధాని అంతటికి చేసిన పనిని ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క ఊరికి చేసినదగును. అట్టి పట్టిక చేతనున్న నర్సు, మార్చి నెలలోనే మండలాధికారి వద్దకు పోయి, ఏ వీధిలో చలివేంద్రము కావలెనో, ఉపాధిహామీ పని ఏ వేళకు ముగియవలెనో ధైర్యముగా చెప్పగలదు.

వాన రాకడను నేడు వాతావరణ శాఖవారు ముందుగా చెప్పుచున్నారు. రేడియో దానిని ఇంటింటికి చేర్చుచున్నది. ప్రాణము పోకడయు, సామెత చెప్పినంత అజ్ఞాతము కాదని ఈ సీమ చరిత్ర సాక్ష్యము చెప్పుచున్నది. అది వచ్చు బాట మనకు తెలియును. 1877లో ఆ బాటపై కాపలా లేదు. నేడు తెల్లచీర కట్టి, పుస్తకమును నీటిపొట్లములును సంచిలో వేసికొని, కోసిగి వీధులలో ఇల్లిల్లు తిరుగు పిల్ల ఆ కాపలా కాగలదు. ఆమెకు ఆ బాట ఆనవాళ్లు చూపుట మన విధి.